140 వరుసలు రాసినా అంచనా ఎందుకు తప్పింది?

మీరు అడిగింది ఇదేనా అని ముందు సరిచూసుకుంటాను. కాలేజీ ఫీజుల యాప్‌లో చెల్లింపుల మాడ్యూల్‌కి ఎంత టైమ్ పడుతుందని అడిగితే మీరు ఎక్సెల్‌లో 140 వరుసలు రాసి, ఒక్కోదానికి గంటలు వేసి, 412 గంటలని చెప్పారు. చివరికి 900 దాటింది. ఇప్పుడు హాస్టల్ మాడ్యూల్ మొదలవుతోంది. మేనేజర్ గారు "ఈసారి ఇంకా చిన్న ముక్కలు చెయ్" అన్నారు. చేస్తే అంచనా నిలబడుతుందా అన్నది మీ సందేహం.

నిలబడదు. 140 వరుసలకు 412 గంటలంటే సగటున వరుసకు మూడు గంటలు. అవి ఇప్పటికే చిన్న ముక్కలు. 280 చేస్తే వరుసకు గంటన్నర వస్తుంది, షీట్ పొడుగవుతుంది, అంకె మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. మీరు రాసిన వరుసల్లో అంత పెద్ద పొరపాటు ఉండి ఉండదని నా అనుమానం. మీరు రాయని వరుసలే ఆ మిగతా గంటలన్నీ తినేసి ఉంటాయి.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, ఆ దెబ్బ నేనూ తిన్నాను కాబట్టి. 2022లో ఒక ప్రైవేటు డెయిరీకి పాల సేకరణ యాప్ చేశాం. 40 ఊళ్లలో పాల కేంద్రాలు. రైతులు రెండు పూటలా పాలు పోస్తారు, తూకం వేసి, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి చీటీ ఇస్తారు, పది రోజులకోసారి బిల్లు. డెవలపర్లం ఇద్దరం. అప్పటికే నాకు పద్నాలుగేళ్ల అనుభవం, అంచనా వేయడం వచ్చని గట్టి నమ్మకం. పనిని ఇలా విడగొట్టాను: లాగిన్ 3 రోజులు, రైతుల నమోదు 5, పాల ఎంట్రీ 10, రేటు చార్టు 5, బిల్లు 10, ఎస్ఎంఎస్ 2, రిపోర్టులు 8, టెస్టింగ్ 7. మొత్తం 50 పని రోజులు. ఇద్దరికి 25, అంటే ఐదు వారాలు. డెయిరీ వాళ్లకు అదే చెప్పాం. పట్టింది పన్నెండు వారాలు, 118 పని రోజులు.

గొడవలన్నీ సద్దుమణిగాక ఒకరోజు కూర్చుని ఏ రోజు ఎక్కడికి పోయిందో లెక్క తీశాను. షీట్‌లో ఉన్న ఎనిమిది వరుసలకు 50 అనుకుంటే 63 పట్టింది. నాలుగో వంతు ఎక్కువ. మరీ సిగ్గుపడాల్సిన తప్పేం కాదు. మిగతా 55 రోజులు షీట్‌లో అసలు లేని పనులకు పోయాయి.

పాలలో వెన్న శాతం చూసే మెషిన్ నుంచి రీడింగ్ నేరుగా ఫోన్‌లోకి రావాలన్నారు. అది "పాల ఎంట్రీ"లో ఒక చిన్న భాగం అనుకున్నాను. తీరా చూస్తే 40 కేంద్రాల్లో మూడు రకాల మెషిన్లు. ఒకటి 6.5 అని పంపితే ఇంకోటి 0650 అని పంపుతుంది. 9 రోజులు. చీటీ తెలుగులో రావాలి. ఆ చిన్న థర్మల్ ప్రింటర్‌కి తెలుగు అక్షరాలు తెలియవు, చీటీ మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాలి. అలా పంపితే ప్రింటింగ్ నెమ్మదిస్తుంది, క్యూలో క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఊరుకోరు. 6 రోజులు. పొద్దున ఐదున్నరకు ఊళ్లో సిగ్నల్ లేకపోతే ఎంట్రీ ఫోన్‌లోనే ఉండి తర్వాత సర్వర్‌కి వెళ్లాలి, ఈలోపు రేటు చార్టు మారితే ఏ రేటు వేయాలి? దానికి 16 రోజులు. పాత ఎక్సెల్ ఫైళ్లలోని రైతుల వివరాలు ఎక్కించడానికి 7. ఒకే ఊళ్లో నలుగురు వెంకటేశ్వర్లు, ఒక్కొక్కరి పేరు మూడు రకాల స్పెల్లింగుల్లో. కేంద్రాల్లో కుర్రాళ్లకు నేర్పించడానికి 6.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది సవరణ. ఒకతను ఫ్యాట్ 6.5 కొట్టబోయి 65 కొట్టాడు. దాన్ని ఎవరు సరిచేయాలి? కేంద్రంలో కుర్రాడా, సూపర్‌వైజరా? ఎన్ని రోజుల వరకు సరిచేయొచ్చు? బిల్లు అయిపోయి డబ్బు పడిపోయాక తెలిస్తే? ఈ ప్రశ్నలు మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. కాగితం రిజిస్టర్‌లో కొట్టేసి పక్కన సంతకం పెట్టేవాళ్లు, అదొక పని అనే వాళ్లకు తోచలేదు. 8 రోజులు.

ఇక ఎస్ఎంఎస్. నేను వేసిన 2 రోజుల్లో కోడ్ రాయడం అయిపోయింది. కానీ మన దేశంలో వ్యాపార సంస్థలు పంపే ప్రతి మెసేజ్ నమూనా ముందే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో చేరి ఆమోదం పొందాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నియమం ఇది. 2021 మార్చిలో గట్టిగా అమలు మొదలుపెట్టగానే బ్యాంకుల ఓటీపీలు కూడా ఆగిపోయి, వారం పాటు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అది పేపర్లో చదివి కూడా నా షీట్‌లో ఆ వరుస రాయలేదు చూడండి. పైగా తెలుగు మెసేజ్‌లో 160 అక్షరాలు పట్టవు, 70 మాత్రమే. "స్త్రీ" అన్న మాట కంటికి ఒక్క అక్షరం, ఎస్ఎంఎస్ లెక్కలో ఆరు. రైతు పేరు, తేదీ, లీటర్లు, ఫ్యాట్, రూపాయలు అన్నీ రాసేసరికి రెండు మెసేజ్‌ల ఖర్చు. డెయిరీ వాళ్లు ఖర్చు తగ్గించమన్నారు, నమూనా మార్చాం, మళ్లీ ఆమోదానికి పంపాం. మా పని 3 రోజులే, ఎదురుచూపు మాత్రం 12 రోజులు.

9, 6, 16, 7, 6, 8, 3. కూడితే 55.

మీ పాత షీట్‌తో ఈ పనే ముందు చేయండి. హాస్టల్ సంగతి తర్వాత. 900 గంటల్లో 140 వరుసలకు పోయినవెన్ని, వరుస లేని పనులకు పోయినవెన్ని అని రెండు కుప్పలుగా విడదీయండి. టైమ్‌షీట్‌లో అంత వివరం లేకపోతే కోడ్ మార్పుల చరిత్ర, జిరా (పనులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) టికెట్లు చూస్తే చాలావరకు తేలుతుంది. మొదటి కుప్ప 500 లోపు ఉండి రెండోది పెద్దదిగా కనిపిస్తే, మీరు అంకెలు వేయడంలో బానే ఉన్నారు, పనులు గుర్తుచేసుకోవడంలోనే ఇబ్బంది. మొదటి కుప్పే 800 ఉంటే నా మాట తప్పు, అప్పుడు మీ సమస్య వేరు. ఇంకో చిక్కు కూడా చూసుకోండి. 900 అన్నది టైమ్‌షీట్ అంకె అయితే అందులో స్టాండప్‌లు (రోజూ జరిగే చిన్న మీటింగులు), కాల్స్, మధ్యలో వచ్చిన ప్రొడక్షన్ బగ్గులు అన్నీ కలిసి ఉంటాయి. మీ 412లో అవి లేవు. మా డెయిరీలో తూకం కిలోల్లో ఉండేది, రేటు లీటరుకి ఉండేది. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి వెయ్యి లీటర్ల దగ్గర ముప్ఫై కిలోల తేడా వచ్చేది. రెండు వేర్వేరు కొలతల్ని పోల్చి నన్ను నేను తిట్టుకోవద్దని అప్పుడే నేర్చుకున్నాను. ఎనిమిది గంటల రోజులో నా టీమ్‌లో అసలు పని సాగేది ఐదు గంటలకు మించదు. 412 గంటల్ని 8తో భాగిస్తే 52 రోజులు, 5తో భాగిస్తే 82. ఈ ఒక్క భాగహారమే నెలన్నర పని దినాల తేడా.

చిన్న ముక్కలు చేస్తే అంచనా మెరుగవుతుందన్న నమ్మకం వెనక ఒక లెక్క ఉంది. సగం నిజం, సగం భ్రమ. 16 పనులున్నాయి, ఒక్కోటి 5 రోజులు, ఒక్కోదానిలో 2 రోజులు అటూ ఇటూ కావచ్చు అనుకోండి. మొత్తం 80. ఒక చోట ఎక్కువ వేసింది, ఇంకో చోట తక్కువ వేసింది చెల్లుకు చెల్లు అవుతాయి కాబట్టి మొత్తం మీద తేడా 16 రెళ్ల 32 రాదు. 16కి వర్గమూలం 4, దాన్ని 2తో హెచ్చవేస్తే 8 రోజులే. 80కి ఎనిమిది అటూ ఇటూ అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ఈ లెక్క పనిచేయాలంటే తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. మన తప్పులకేమో దగ్గరి చుట్టరికం. పదహారింటికీ అంచనా వేసింది ఒకే మనిషి. అన్నీ వాడేది అదే కొత్త లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్). అన్నీ నడిచేది అదే నెమ్మది టెస్ట్ సర్వర్ మీద. అన్నిటికీ సమాధానం రావాల్సింది రెండ్రోజులకోసారి మెయిల్ చూసే అదే క్లయింట్ నుంచి. ఒకటి ఆలస్యమైతే పదహారూ ఆలస్యమే, అదీ ఎప్పుడూ ఒకవైపే. తేడా 8 దగ్గర ఆగదు, 32 వైపు వెళ్తుంది. అందుకే ఎన్ని ముక్కలు చేశామన్నది నన్ను పెద్దగా నమ్మించదు.

మరి ముక్కలు చేయడం ఎందుకు? రాస్తూ పోతే మరిచిపోయినవి బయటపడతాయి, అందుకు. అలా బయటపడాలంటే ఎలా విడగొడుతున్నామన్నది ముఖ్యం. మీ షీట్ నేను చూడలేదు గానీ, 140 వరుసలంటే చాలామంది రాసేట్టే ఉంటుంది: ప్రతి స్క్రీన్‌కీ డేటా టేబుల్, ఏపీఐ (స్క్రీన్, సర్వర్ మాట్లాడుకునే దారి), స్క్రీన్, వ్యాలిడేషన్ (నింపింది సరైందో కాదో చూడడం), యూనిట్ టెస్ట్ (కోడ్ ముక్కకు విడి పరీక్ష). ఇలా పొరలుగా కోస్తే వరుసలు గబగబా పెరుగుతాయి. ఒక వరుసను కాపీ చేసి పేరు మారిస్తే చాలు, ఆలోచించాల్సిన పని లేదు. అందుకే ఏమీ బయటపడదు.

నేను ఇప్పుడు చేసేది వేరు. ఒక వస్తువును పట్టుకుని దాని జాతకం మొత్తం రాస్తాను. మీ మాడ్యూల్‌లో ఆ వస్తువు ఒక చెల్లింపు. పుట్టడం, మారడం, తప్పు జరగడం, రద్దవడం, లెక్కల్లో చేరడం. కుర్రాడు యూపీఐలో డబ్బు కట్టాడు, బ్యాంకులో కట్ అయింది, మన దగ్గర స్టేటస్ "పెండింగ్" దగ్గరే ఆగింది. అతను కంగారుపడి మళ్లీ కట్టాడు, రెండూ పడ్డాయి. గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ) నుంచి ఒకే చెల్లింపుకు కబురు రెండుసార్లు వచ్చింది. కట్టిన వారానికి కాలేజీ ఆ విద్యార్థికి ఫీజు తగ్గించింది. తండ్రి డీడీ తెచ్చాడు, అది చెల్లలేదు. గేట్‌వే కమీషన్ కోసుకుని మర్నాడు వేసిన మొత్తం మన రిపోర్టుతో కలవలేదు. రసీదు పోయింది, డూప్లికేట్ కావాలి, దాని మీద డూప్లికేట్ అని పడాలి. మీ 140లో వీటిలో ఎన్నున్నాయి? రెండో మూడో ఉంటే, తప్పిపోయిన 500 గంటలు ఎక్కడికి పోయాయో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఈ జాతకం మన డెస్క్ దగ్గర కూర్చుని రాయలేం. ఫీజు కౌంటర్‌లో పదేళ్లుగా కూర్చున్న క్లర్క్ దగ్గరకు వెళ్లి, "పోయిన నెలలో మీకు తలనొప్పి తెచ్చిన రసీదు ఏదండీ?" అని అడగండి. అరగంటలో పది వరుసలు దొరుకుతాయి. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ అంతా సాఫీగా జరిగే రోజు గురించి రాసింది. ఆ క్లర్క్‌కు మాత్రం సాఫీగా జరగని రోజులే గుర్తుంటాయి.

ఇక ముక్క ఎంత ఉండాలి? నా మటుకు సగం రోజు నుంచి మూడు రోజుల మధ్య. మూడు రోజులు దాటితే లోపల ఏదో దాక్కుని ఉందని అర్థం, ఇంకోసారి కోయాలి. సగం రోజుకన్నా తక్కువైతే విడిగా రాయడం దండగ, పక్కదానితో కలిపేయండి. పాత ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఎనిమిది గంటలకు తగ్గకూడదు, ఎనభై గంటలు మించకూడదు అని ఉండేది. ఎనభై గంటలంటే రెండు వారాలు. రెండు వారాల ముక్క దారి తప్పిందని మనకు తెలిసేసరికే రెండు వారాలు పోతాయి. అందుకే పైహద్దు నాకు నచ్చదు.

ప్రతి ముక్క పక్కనా "అయిపోయిందని ఎలా తెలుస్తుంది?" అని ఒక కాలమ్ పెట్టండి. "రీఫండ్ ఏపీఐ" అని రాస్తే తెలియదు. "రెండుసార్లు కట్టిన విద్యార్థికి ఒక మొత్తం వెనక్కి వెళ్లి, లెడ్జర్‌లో రెండు ఎంట్రీలు కనిపించాలి" అని రాస్తే తెలుస్తుంది. ఆ కాలమ్ నింపలేని వరుస దగ్గర అంకె వేయొద్దు. మనకు అర్థం కానిదానికి వేసే అంకె ఎంత జాగ్రత్తగా వేసినా గాలిలో మేడే.

అన్నిటినీ మొదటే ఇంత చిన్నగా కోయాల్సిన పని కూడా లేదు. వచ్చే మూడు నాలుగు వారాల పని కోయండి. ఆ తర్వాతది పెద్ద ముద్దలుగానే ఉంచి, ఇంత నుంచి ఇంత అని వెడల్పుగా చెప్పండి. ప్రాజెక్ట్ ఆలోచన దశలో వేసిన అంచనా నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల దాకా ఎటైనా పోవచ్చని సాఫ్ట్‌వేర్ నిపుణుడు బారీ బోమ్ 1981లోనే చూపించాడు. అంత వెడల్పు చెప్పడానికి మనకు మొహమాటం, అందుకే ఆరు నెలల తర్వాత చేయబోయే పనికి కూడా "6.5 గంటలు" అని రాసి పెడతాం. ఆ దశాంశ స్థానం చూసి క్లయింట్ మనకు ఏదో తెలుసనుకుంటాడు.

అసలు ఎప్పుడూ చేయని పని వస్తే? అంచనా వేయకండి, తెలుసుకోవడానికి గడువు పెట్టుకోండి. తెలుగు రసీదు పీడీఎఫ్ మంచి ఉదాహరణ. ఇంగ్లిష్‌లో రసీదు గంటలో అవుతుంది కాబట్టి తెలుగుకు రెండు గంటలు వేస్తాం. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు యూనికోడ్ ఫాంట్ తీసుకుంటాయి గానీ అక్షరాలను ఒకదానితో ఒకటి కలపలేవు. ఒత్తు కింద పడాల్సింది పక్కన పడుతుంది, "విద్యార్థి" చూస్తే ఏ భాషో అర్థం కాదు. లైబ్రరీ మార్చాలా, బ్రౌజర్ చేత ప్రింట్ చేయించాలా, డబ్బు పెట్టి కొనాలా అన్నది కూర్చుని చూస్తే గానీ తేలదు. షీట్‌లో "తెలుగు రసీదు: ప్రయోగానికి 2 రోజులు, ఆ తర్వాత అంచనా" అని రాయండి. మేనేజర్‌కి ఇది మొదట నచ్చదు. రెండోసారి అలవాటవుతుంది.

మూడు అంకెల పద్ధతి గురించి కూడా అడిగారు. తక్కువలో తక్కువ, మామూలుగా, ఎక్కువలో ఎక్కువ. ఇది 1950ల చివర్లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి పని కోసం తయారైన పెర్ట్ అనే ప్రణాళిక పద్ధతి నుంచి వచ్చింది. మధ్య అంకెను 4తో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, 6తో భాగించాలి. పాల మెషిన్ పనికి 2, 4, 15 అని వేసుంటే 33ను 6తో భాగించి ఐదున్నర వచ్చేది. నేను ఆ ఐదున్నర కోసం వాడను. 4కి, 15కి ఉన్న ఆ దూరం చూడ్డానికి వాడతాను. "15 ఎందుకన్నావు?" అని పక్కవాణ్ని అడిగితే "మెషిన్లు అన్నీ ఒకే రకమో కాదో తెలీదు" అంటాడు. అదే నాకు కావాల్సింది. అప్పుడు ఫోన్ చేసి కనుక్కుంటాం.

ఆ మూడో అంకెను మాత్రం మరీ నమ్మకండి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 48.6 అన్నారు. చివరికి పట్టింది సగటున 55.5. వాళ్లు ఊహించుకున్న చెడ్డ రోజులకన్నా ఉన్న రోజులే చెడ్డవి! మనమేం వాళ్లకన్నా గొప్పవాళ్లం కాదు.

దీనికి విరుగుడుగా నేను వాడేది ఇల్లు కట్టేవాళ్ల పద్ధతి. మేస్త్రీ సిమెంటు, ఇనుము, ఇసుక, కూలీ విడివిడిగా లెక్కేసి ఒక మొత్తం చెప్తాడు. మనం దాన్ని ఊళ్లో నడుస్తున్న చదరపు అడుగు రేటుతో పోల్చుకుంటాం. రెండూ దగ్గర్లో ఉంటే సరే. మేస్త్రీ లెక్క మరీ తక్కువగా ఉంటే సంతోషపడం, సంపు మరిచిపోయాడా, ప్రహరీ వదిలేశాడా అని వెతుకుతాం. మీ దగ్గర ఇప్పుడు చదరపు అడుగు రేటు ఉంది: ఇదే టీమ్, ఇదే కాలేజీ, చెల్లింపుల మాడ్యూల్, 900 గంటలు. హాస్టల్ మాడ్యూల్ అందులో సగం ఉంటుందా, అంతే ఉంటుందా అని ముందు ఊరికే అనుకోండి. తర్వాత ముక్కల లెక్క చేయండి. ముక్కలు కలిపితే 350 వచ్చి, పాత అనుభవం 800 అంటుంటే, 350 నమ్మకండి. సంపు ఎక్కడో మరిచిపోయారు.

టెస్టింగ్‌కి ఒకే వరుసలో 7 రోజులు రాసిన నా తప్పు మీరు చేయొద్దు. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో చెప్పిన పంపకం ఇప్పటికీ నాకు కొలబద్దే: మూడో వంతు ప్లానింగ్, ఆరో వంతు కోడింగ్, నాలుగో వంతు విడిభాగాల టెస్టింగ్, ఇంకో నాలుగో వంతు అంతా కలిపి టెస్టింగ్. ఇప్పుడు టూల్స్ మారాయి, ఆ భిన్నాలు యథాతథంగా వాడమనను. కానీ మీ షీట్‌లో కోడింగ్ నూటికి ఎనభై ఉందంటే, మిగతా పనులు చెట్టెక్కి కూర్చున్నాయని అర్థం.

బఫర్ (అనుకోనివాటి కోసం అదనంగా ఉంచుకునే సమయం) సంగతి. ప్రతి వరుసలోనూ దొంగచాటుగా 20 శాతం కలిపేవాళ్లున్నారు, నేనూ కలిపేవాణ్ని. అలా కలిపింది మిగలదు. మూడు రోజులకు నాలుగు రాసుకున్నవాడు నాలుగో రోజు సాయంత్రమే ఇస్తాడు, ముందే అయితే ఇంకాస్త నగిషీ చెక్కుతాడు. పైగా మేనేజర్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి అన్నిటిలోనూ 20 శాతం కోస్తారు, నిజాయితీగా వేసినవాడి అంకె కూడా కోతకు గురవుతుంది. వరుసల్లో ఉన్నదున్నట్టు వేసి, కింద ఒకే వరుసలో "తెలియనివి" అని పేరు పెట్టి అందరికీ కనపడేలా ఉంచండి. ఎంత ఉంచాలన్నది మీ రెండు కుప్పలు చెప్తాయి. మా డెయిరీలో రాసిన 63కు రాయనివి 55. తర్వాతి ప్రాజెక్ట్‌లో జాతకం పద్ధతిలో రాశాం కాబట్టి అంత అక్కర్లేదనిపించి, మూడో వంతు పెట్టాను. అందులో కొంచెం మిగిలింది కూడా.

ఎదురుచూపులకు వేరే కాలమ్ ఉండాలి. ఆమోదాలు, క్లయింట్ జవాబులు, గేట్‌వే టెస్ట్ ఖాతా వివరాలు. వీటికి మీ గంటలు ఖర్చు కావు, క్యాలెండర్ ఖర్చవుతుంది. మొదటి రోజే మొదలుపెట్టాల్సిన పనులు ఇవి. అలాగే జనవరి రెండో వారంలో ఏదీ పెట్టకండి. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, మీ టీమ్ కూడా.

చివరగా, రేపటికల్లా హాస్టల్ మాడ్యూల్‌కి అంకె కావాలంటున్నారని రాశారు. ఒక్క రాత్రిలో ఇదంతా కుదరదు. రేపు పొద్దున ఇలా చెప్పండి: "సార్, పోయిన మాడ్యూల్ 900 అయింది, ఇది దానిలో సగం నుంచి అంతే దాకా ఉండొచ్చు, అంటే 450 నుంచి 900. వారం టైమ్ ఇస్తే ఈ దూరం తగ్గిస్తాను." ఆయన "జూన్ 15కి అయిపోవాలి" అంటే, ఆ తేదీని మనసులో పెట్టుకుని అంకెలు వెనక్కి లెక్కేయకండి, ఆ మాట విన్నాక మన చెయ్యి తెలియకుండానే తక్కువ వేస్తుంది. అంకె తగ్గించమంటే వరుసలు చూపించి ఏది తీసేద్దామని అడగండి. గదుల కేటాయింపు ముందు, మెస్ బిల్లు తర్వాత అన్నది మాట్లాడుకోవాల్సిన విషయం. మూడు రోజుల పని రెండు రోజుల్లో చేస్తావా అన్నది కాదు.

ఆ వారంలో ముందుగా హాస్టల్ వార్డెన్‌ని కలవండి. ఏడాది మధ్యలో గది ఖాళీ చేసినవాడి కాషన్ డిపాజిట్ ఎలా వెనక్కిస్తారో అడగండి. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి "అదో పెద్ద కథండీ" అన్నారంటే, పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టండి.